రాకెట్‌లో కారుకు చోటెలా దొరికింది? అంతరిక్షంలోని వింత వస్తువుల వెనక లెక్కలు

క్లుప్తంగా: కారు, నాణెం, బొమ్మ, చితాభస్మం, బొబ్బరి గింజలు... అంతరిక్షానికి వెళ్లిన వింత వస్తువుల జాబితా చూస్తే ఎవరో సరదాకు చేసిన పనుల్లా అనిపిస్తాయి. కానీ ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాల్సిన రాకెట్‌లో ఏ వస్తువుకూ ఊరికే చోటు దొరకదు. కొన్ని తూకం సరిచేయడానికి వెళ్లాయి. కొన్ని ఎప్పటికో, ఎవరికో చేరాల్సిన కబురుగా వెళ్లాయి. కొన్ని ప్రచారానికి వెళ్లాయి. ప్రైవేటు ప్రయోగాలు పెరిగాక ఏది ఎక్కాలో నిర్ణయించేవాళ్లు మారారు. వాళ్లకు వర్తించే అంతర్జాతీయ ఒప్పందం మాత్రం 1967 నాటిదే.

2025 జనవరి 2న అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్ ఒక కొత్త గ్రహశకలాన్ని నమోదు చేసింది. దానికి 2018 సీఎన్41 అని పేరు కూడా ఇచ్చింది. భూమి కక్ష్యకు దగ్గరగా వచ్చే రకం కావడంతో దాని మీద ఒక కన్నేసి ఉంచాల్సిన అవసరం కనిపించింది. మర్నాడే ఆ నమోదు రద్దయింది. పాత పరిశీలనల్లోంచి ఒక ఔత్సాహికుడు వెతికి పట్టిన ఆ చుక్క రాయి కాదని, 2018లో స్పేస్‌ఎక్స్ సంస్థ అంతరిక్షంలోకి వదిలిన టెస్లా రోడ్‌స్టర్ కారని తేలింది.

ఈ వార్త చదివిన చాలామందికి కలిగిన మొదటి సందేహం: అసలు కారును పైకి ఎందుకు పంపారు? దానికి జవాబు వెతికితే, గత అరవై ఏళ్లలో మనుషులు పంపిన మిగతా విచిత్ర వస్తువుల కథ కూడా చాలావరకు విడిపోతుంది.

పాసంగం లెక్క

ఊళ్లో పాత తక్కెడ వాడినవారికి పాసంగం తెలుసు. ఒక పళ్లెం తేలిపోతుంటే దానికి చిన్న రాయో, ఇనప ముక్కో కట్టి ముల్లు సరిచేస్తారు. ఆ రాయి అమ్మే సరుకు కాదు. అయినా అది లేకపోతే తూకం తప్పుతుంది. రాకెట్లకూ ఇలాంటి అవసరమే ఉంటుంది.

కొత్త రాకెట్ మొదటిసారి ఎగిరేటప్పుడు పేలిపోయే ప్రమాదం ఎక్కువ. కోట్లు ఖర్చుపెట్టి తయారుచేసిన ఉపగ్రహాన్ని దాని నెత్తిన పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. అలాగని ఖాళీగా పంపితే పరీక్షకు అర్థం ఉండదు. పైన బరువు ఉన్నప్పుడు రాకెట్ వేగం పుంజుకునే తీరు, దాని ఒళ్లు ఊగే తీరు, అతుకుల మీద పడే ఒత్తిడి అన్నీ వేరుగా ఉంటాయి. అందుకే ఉత్తుత్తి బరువు ఒకటి పెడతారు. మామూలుగా అది కాంక్రీటు దిమ్మో, ఉక్కు దిమ్మో అవుతుంది.

2018 ఫిబ్రవరి 6న స్పేస్‌ఎక్స్ కొత్త రాకెట్ ఫాల్కన్ హెవీ మొదటి ప్రయోగంలో ఆ దిమ్మ స్థానంలో ఎలాన్ మస్క్ తన సొంత ఎర్ర రోడ్‌స్టర్‌ను పెట్టించారు. డ్రైవర్ సీట్లో స్పేస్‌సూట్ తొడిగిన బొమ్మను కూర్చోబెట్టారు. కారు, దాన్ని మోసిన రాకెట్ పైభాగం కలిసి సూర్యుడి చుట్టూ తిరిగే కక్ష్యలోకి చేరాయి. ఆ కక్ష్య ఒక కొన భూమి కక్ష్య దగ్గర, మరో కొన అంగారకుడి కక్ష్యకు అవతల ఉంటుంది. ఒక చుట్టుకు దాదాపు 557 రోజులు పడుతుంది.

అయితే తూకం మాట ఒక్కటే ఈ కథను పూర్తిగా వివరించదు. కారు బరువు టన్నుంపావు. భూమికి దగ్గరి కక్ష్యకైతే ఆ రాకెట్ 60 టన్నులకు పైగా మోయగలదని సంస్థే చెప్పుకుంది. అంటే ఆ రోజు రాకెట్ పూర్తి సత్తాకు పరీక్ష జరగలేదు. ఏదో ఒక బరువు ఎందుకు పెట్టారన్నది ఇంజినీరింగ్ చెబుతుంది. అది కారే ఎందుకైందన్నది మార్కెటింగ్ చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే అప్పట్లో ఒక పక్షం దాన్ని మహా విజ్ఞాన విజయమని, మరో పక్షం శుద్ధ దండగని వాదించుకున్నాయి. ఇదే సంస్థ 2010 డిసెంబరులో డ్రాగన్ క్యాప్స్యూల్‌ను మొదటిసారి కక్ష్యలోకి పంపినప్పుడు లోపల ఒక పెద్ద జున్ను చక్రం పెట్టింది. కిందికి దిగాక గానీ ఆ సంగతి బయటపెట్టలేదు. పరీక్షా ప్రయాణాల్లో దొరికే ఖాళీ చోటు ఎలాంటి వస్తువులకు దారి ఇస్తుందో చెప్పడానికి అదొక ఉదాహరణ.

పాసంగం అనే మాట అక్షరాలా సరిపోయే వస్తువు మరొకటుంది. 2006 జనవరి 19న ప్లూటో వైపు బయల్దేరిన న్యూ హొరైజన్స్ నౌక కొన్ని దశల్లో బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్తుంది. బొంగరం ఒక పక్క బరువెక్కితే ఊగిసలాడినట్టే నౌకా ఊగుతుంది. దాన్ని సరిచేయడానికి చిన్న చిన్న బరువులు బిగిస్తారు. ఫ్లోరిడా రాష్ట్రం పేరిట ముద్రించిన పావు డాలర్ నాణెం అలా ఆ నౌకకు తోడైంది. ఎలాగూ ఒక లోహపు బిళ్ల కావాలి కాబట్టి ప్రయోగం జరిగిన రాష్ట్రం గుర్తునే పెట్టారు.

అదే నౌకలో 1991 నాటి ఒక అమెరికా తపాలా బిళ్ల ఉంది. ప్లూటో బొమ్మ కింద 'ఇంకా అన్వేషించలేదు' అని దాని మీద అచ్చయి ఉంది. ఇంకా ముఖ్యంగా, 1930లో ప్లూటోను కనుగొన్న క్లైడ్ టాంబా చితాభస్మం కొద్దిగా, ఒక చిన్న డబ్బాలో ఉంది. ఆయన 1997లో మరణించారు. 2015 జులై 14న ఆ నౌక ప్లూటో పక్కనుంచి దూసుకెళ్లింది. అస్థికలను గోదావరిలోనో కృష్ణలోనో కలిపే కుటుంబాలకు ఈ కోరికను విడమరిచి చెప్పనక్కర్లేదు.

సీలింగుకు వేలాడే బొమ్మ

మానవసహిత ప్రయోగాల ప్రత్యక్ష ప్రసారాల్లో వ్యోమగాముల ముందు దారానికి ఒక మెత్తటి బొమ్మ వేలాడుతూ కనిపిస్తుంది. ఇంజిన్ ఆగి నౌక కక్ష్యలో పడగానే దారం వదులై బొమ్మ తేలడం మొదలెడుతుంది. భారరహిత స్థితి వచ్చిందని అక్కడి పరికరాలకు ముందే తెలుసు. బొమ్మ చూసేవాళ్ల కోసం. రష్యా సోయజ్ నౌకల్లో పాతుకుపోయిన ఈ అలవాటు ఇప్పుడు అందరిదీ అయింది. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా వెళ్లిన ఆక్సియమ్-4 యాత్రలో ఆ పాత్ర ఒక తెల్ల హంస బొమ్మది. దానికి 'జాయ్' అని పేరు పెట్టారు. పాలను, నీళ్లను వేరుచేస్తుందని మన కావ్యాలు చెప్పే పక్షి కాబట్టి ఆ ఎంపిక భారతీయులకు వెంటనే అర్థమైంది.

బొమ్మలన్నీ అలంకారాలు కావు. 2022 నవంబరులో మనుషులు లేకుండా చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన ఆర్టెమిస్-1లో హెల్గా, జొహార్ అనే రెండు మొండేలు ప్రయాణించాయి. ఎముక, మెత్తటి కణజాలం, అవయవాలను పోలిన పదార్థాలతో చేసిన ఆడ శరీర నమూనాలవి. ఒకదానికి రేడియేషన్‌ను ఆపే కవచం తొడిగారు, రెండోదానికి తొడగలేదు. లోపల అమర్చిన సెన్సర్ల లెక్కలు పోల్చితే కవచం ఎంత కాపాడుతుందో తెలుస్తుంది. అదే నౌకలో తేలే బొమ్మగా కార్టూన్ కుక్క స్నూపీ కూడా వెళ్లింది.

ఎవరికో రాసిన ఉత్తరాలు

కబుర్లు మోసుకెళ్లే వస్తువుల్లో అందరికీ తెలిసినది నాసా వాయేజర్ నౌకల బంగారు రికార్డు. 1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 బయల్దేరాయి. రెండింటికీ బంగారు పూత పూసిన 12 అంగుళాల రాగి గ్రామఫోన్ రికార్డు ఒక్కొక్కటి బిగించారు. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ ఆధ్వర్యంలోని బృందం అందులో 55 భాషల పలకరింపులు, దాదాపు గంటన్నర సంగీతం, 115 చిత్రాలు పొందుపరిచింది. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం మన దేశం తరఫున వెళ్లింది.

ఆ 55 భాషల్లో తెలుగు ఉంది. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం నుంచి శుభాకాంక్షలు అందించే ఒక్క వాక్యమది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ, పంజాబీ, ఒడియా, కన్నడ, రాజస్థానీ కూడా ఉన్నాయి. తమిళం, మలయాళం లేవు. ఎప్పుడో మాట్లాడేవాళ్లు లేకుండాపోయిన సుమేరియన్, అక్కాడియన్, హిట్టయిట్ మాత్రం ఉన్నాయి. దీనికి కారణం వివక్ష కంటే ఎక్కువగా తొందరే. ఎక్కువమంది మాట్లాడే పాతిక భాషలతో మొదలుపెట్టి, ఉన్న కొద్ది వ్యవధిలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిసరాల్లో అందుబాటులో ఉన్నవారి గొంతులతో మిగతావి నింపారు. ప్రపంచం మొత్తానికి ప్రాతినిధ్యం అని చెప్పుకునే జాబితా కూడా చివరికి దగ్గర్లో ఎవరు దొరికారన్నదాని మీదే ఆధారపడింది.

ఈ రికార్డులో ఉన్న నేర్పు దాన్ని వాడే పద్ధతి చెప్పడంలో ఉంది. చూసేవాళ్లకు మన నిమిషం, సెకను తెలియవు. కాబట్టి విశ్వమంతటా ఒకేలా ప్రవర్తించే హైడ్రోజన్ పరమాణువులో జరిగే ఒక మార్పుకు పట్టే కాలాన్ని కొలతగా తీసుకుని, రికార్డు ఏ వేగంతో తిప్పాలో మూత మీద గీతల్లో చెక్కారు. ముల్లు కూడా లోపలే ఉంచారు. సూర్యుడెక్కడ ఉన్నాడో చెప్పడానికి క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే 14 నక్షత్రాల (పల్సార్ల) దిక్కులు గీశారు. మూత మీద ఒకచోట అతి శుద్ధమైన యురేనియం-238 పూత ఉంది. అందులో సగం తరిగిపోవడానికి సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎంత కాలం కిందట బయల్దేరిందో లెక్కకట్టవచ్చు. ఆ చిన్న పూత ముల్లులు లేని గడియారం.

ఎవరికైనా దొరుకుతుందా? దాదాపు దొరకదు. వాయేజర్-1 సుమారు 40 వేల ఏళ్ల తర్వాత గ్లీసా 445 అనే నక్షత్రానికి దగ్గరగా వెళ్తుంది. ఆ దగ్గర అన్నది కూడా 1.6 కాంతి సంవత్సరాలు. అయినా గాలీ వానా లేని చోట ఆ రికార్డు భూమ్మీది ఏ శాసనం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అంత పేరు రాకపోయినా, మరింత తీరైన ఉత్తరం ఒకటి భూమి చుట్టూనే తిరుగుతోంది. 1976 మే 4న ప్రయోగించిన లాజియోస్ 60 సెంటీమీటర్ల గోళం, బరువు 400 కిలోలకు పైనే. కెమెరా, బ్యాటరీ, రేడియో ఏవీ లేవు. నడిమధ్య ఇత్తడి, పైన అల్యూమినియం, ఒళ్లంతా 426 ప్రతిఫలకాలు. భూమి మీద నుంచి లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తారు. అలా కొలిచే ఖండాలు ఏటా ఎన్ని సెంటీమీటర్లు జరుగుతున్నాయో నిర్ధారించారు. దాదాపు 5,900 కిలోమీటర్ల ఎత్తులో గాలి జాడ లేదు కాబట్టి అది 84 లక్షల ఏళ్ల దాకా పడిపోదని అంచనా. మన పురాణాలు చెప్పే జీవరాశుల లెక్కా 84 లక్షలే కావడం యాదృచ్ఛికమే గానీ తెలుగు పాఠకుడికి తట్టక మానదు. లోపల సేగన్ రూపొందించిన ఒక లోహపు పలక ఉంది. దాని మీద మూడు పటాలు: 26.8 కోట్ల ఏళ్ల కిందటి ఖండాలు, నేటి ఖండాలు, ఆ గోళం కింద పడే నాటికి ఉండబోయే ఖండాలు. ఆ ఉపగ్రహం చేసే పనే దాని ఉత్తరంలో విషయం. వస్తువుకూ సందేశానికీ ఇంత పొత్తు మరెక్కడా కుదరలేదు.

ఆ తర్వాత వచ్చినవారు బరువు పెంచకుండా సందేశం పంపే దారి పట్టారు. 2024 అక్టోబరు 14న బృహస్పతి చందమామ యూరోపా వైపు వెళ్లిన క్లిప్పర్ నౌకలో రేడియేషన్ నుంచి సర్క్యూట్లను కాపాడే పెట్టెకు టాంటలం లోహపు మూత ఉంది. ఆ మూత ఎలాగూ కావాల్సిందే. 103 భాషల్లో 'నీరు' అనే మాట పలికితే వచ్చే ధ్వని తరంగాలను దాని మీదే చెక్కారు.

జేబులో దాచిన శాండ్‌విచ్

అధికారికంగా అనుమతి పొందినవి ఒక ఎత్తయితే, దొంగచాటుగా వెళ్లినవి మరో ఎత్తు. 1965 మార్చి 23న జెమిని-3 యాత్రలో జాన్ యంగ్ జేబులోంచి మాంసం శాండ్‌విచ్ తీసి సహచరుడు గస్ గ్రిసమ్‌కు ఇచ్చారు. ఒక్క కొరుకుకే రొట్టె పొడి క్యాబిన్‌లో తేలడం మొదలైంది. అలాంటి పొడి పరికరాల సందుల్లోకి, కళ్లలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే అప్పట్లో అంతరిక్ష ఆహారానికి పొడి రాలకుండా జెలటిన్ పూత పూసేవారు. ఆ శాండ్‌విచ్ మీద అమెరికా కాంగ్రెస్ కమిటీలో ప్రశ్నలు వచ్చాయి.

1971 నాటి అపోలో-15 వ్యవహారం మరింత తీవ్రమైనది. ముగ్గురు వ్యోమగాములు దాదాపు 400 తపాలా కవర్లను అనుమతి లేకుండా చంద్రుడి దాకా తీసుకెళ్లారు. వాటిలో 100 జర్మనీలోని ఒక స్టాంపుల వ్యాపారికి చేరి అమ్మకానికి వచ్చాయి. నాసా మందలించింది. ముగ్గురిలో ఎవరూ మళ్లీ అంతరిక్షానికి వెళ్లలేదు. సొంత సామాను విషయంలో నిబంధనలు బిగిశాయి. అదే యాత్రలో, ప్రాణాలర్పించిన 14 మంది వ్యోమగాముల పేర్లున్న ఫలకంతో పాటు 8.5 సెంటీమీటర్ల అల్యూమినియం బొమ్మను చంద్రుడి మీద ఉంచారు. బెల్జియం శిల్పి పాల్ వాన్ హోయిడాంక్ చేసిన ఆ శిల్పం నకళ్లను అమ్మాలన్న ప్రయత్నమూ వివాదమైంది. వస్తువు పైకి వెళ్లడం వల్ల దాని ధర పెరుగుతుందన్న సంగతి అప్పుడే అందరికీ అర్థమైంది. నేటి వాణిజ్య ల్యాండర్ల వ్యాపారంలో కొంత భాగం సరిగ్గా ఆ సంగతి మీదే నడుస్తోంది.

రాగి వెంట్రుకలు, నీటి ఎలుగులు, నవాహో అభ్యంతరం

ఇక్కడే ప్రశ్న మారుతుంది. ఒకరు పంపిన వస్తువు అందరికీ చెందిన చోటును పాడుచేస్తే ఎవరు అడగాలి?

ఈ ప్రశ్న మొదట గట్టిగా వినిపించింది 1961లో. సముద్రగర్భ కేబుళ్లను శత్రువు తెంపేసినా సైనిక సందేశాలు ఆగకూడదని అమెరికా వెస్ట్‌ఫోర్డ్ అనే పథకం తలపెట్టింది. దాదాపు 1.8 సెంటీమీటర్ల పొడవున్న, వెంట్రుకంత సన్నని 48 కోట్ల రాగి ముక్కలను కక్ష్యలో వెదజల్లి, భూమి చుట్టూ రేడియో తరంగాలను తిప్పికొట్టే వలయం కట్టడం దాని లక్ష్యం. 1961లో మొదటి ప్రయత్నం విఫలమైంది. 1963 మేలో రెండోది పనిచేసింది. ఖగోళ శాస్త్రవేత్తలు రెండు దఫాలూ నిరసన తెలిపారు. ఎక్కువ భాగం కొన్నేళ్లలో కిందపడి కాలిపోయినా, విడిపోకుండా అంటుకుపోయిన ముద్దలు కొన్ని నేటికీ తిరుగుతున్నాయి. 1967 అంతరిక్ష ఒప్పందంలోని తొమ్మిదో అధికరణం, ఇతర దేశాలకు హాని కలిగించే పనికి ముందు సంప్రదింపులు జరపాలంటుంది.

ఆ ఒప్పందం ప్రకారం ప్రైవేటు సంస్థ పంపినదానికీ బాధ్యత ఆ దేశ ప్రభుత్వానిదే. అనుమతి ఇచ్చేముందు అమెరికాలో చూసేవి ప్రజల భద్రత, ఆస్తి భద్రత, దేశ రక్షణ, విదేశాంగ ప్రయోజనాలు, అంతర్జాతీయ ఒప్పందాలు. వస్తువు అర్థవంతమైనదా, ఎవరి నమ్మకాన్నైనా గాయపరుస్తుందా అనే ప్రశ్న ఆ జాబితాలో లేదు.

ఈ లోటు రెండుసార్లు బయటపడింది. 2019 ఏప్రిల్ 11న చంద్రుడిపై కూలిన ఇజ్రాయెల్ ల్యాండర్ బెరెషీట్‌లో, లక్షలాది పేజీల సమాచారమున్న నికెల్ పలకలతో పాటు కొన్ని వేల టార్డిగ్రేడ్లు ఉన్నాయని తర్వాత వెల్లడైంది. నీటి ఎలుగులని పిలిచే ఈ సూక్ష్మజీవులు ఎండిపోయి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలవు. చంద్రుడి మీద జీవం బతికే వీలు లేదు కాబట్టి అక్కడికి వెళ్లే నౌకలకు నిబంధనలు తేలిక, ఏముందో పత్రాల్లో రాస్తే దాదాపు సరిపోతుంది. అంగారకుడికైతే కఠినమైన శుద్ధి చేయాలి. నిద్రాణ టార్డిగ్రేడ్లను తుపాకీతో పేల్చి చూసిన ప్రయోగంలో, సెకనుకు 900 మీటర్లు దాటిన వేగంతో తగిలినవి బతకలేదు. ల్యాండర్ కూలిన ధాటికి లోపలివి మిగిలి ఉండే అవకాశం తక్కువన్నది దీన్నిబట్టి వచ్చిన అభిప్రాయం.

రెండోది చితాభస్మం గురించి. భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ అస్థికలు 1999 జులై 31న నాసా నౌక లూనార్ ప్రాస్పెక్టర్‌తో పాటు చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర చేరాయి. చంద్రుణ్ని పవిత్రంగా భావించే అమెరికా మూలవాసులైన నవాహో ప్రజలు అభ్యంతరం చెప్పగా, ఇకపై సంప్రదిస్తామని నాసా మాటిచ్చింది. 2024 జనవరి 8న పెరెగ్రీన్ అనే ప్రైవేటు ల్యాండర్ మళ్లీ చితాభస్మంతో బయల్దేరింది. నవాహో నేతలు పాత మాట గుర్తుచేశారు. నౌక తమది కాదని, తాము అందులో పరికరాలు పంపే ఖాతాదారులం మాత్రమేనని నాసా జవాబిచ్చింది. ఇంధనం కారిపోవడంతో ల్యాండర్ చంద్రుణ్ని చేరలేక జనవరి 18న పసిఫిక్ మీద కాలిపోయింది. వివాదం తేలకుండానే వాయిదా పడింది. ప్రభుత్వం ఇచ్చిన మాట ప్రైవేటు నౌకకు వర్తిస్తుందా అన్నది మళ్లీ ఎదురుకాక తప్పని ప్రశ్న, ఆ మాటకు అమెరికా ప్రభుత్వం జవాబుదారీ కావడమే న్యాయం.

శ్రీహరికోట గడప దాటినవి

భారత ప్రయోగాల్లో వింతలు తక్కువ. ఉన్నవి కూడా ఎక్కువగా పనిలోంచి పుట్టినవే. 2008 నవంబరు 14న చంద్రయాన్-1 నుంచి విడిపడి చంద్రుణ్ని ఢీకొన్న చిన్న పెట్టె నాలుగు వైపులా మువ్వన్నెల జెండా ఉంది. అబ్దుల్ కలాం సూచన మీద చేర్చిన ఆ పెట్టెను చాలామంది జెండా పాతడంగానే గుర్తుంచుకున్నారు. దిగే దారిలో అందులోని పరికరం నీటి అణువుల జాడను నమోదు చేసింది.

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 ఇంకా మంచి ఉదాహరణ. రాకెట్ నాలుగో దశ పని అయిపోయాక మామూలుగా చెత్తగా మిగులుతుంది. ఇస్రో దాన్నే తిరిగే ప్రయోగశాలగా వాడుతోంది. అందులో ఒక మూసిన పెట్టెలో ఎనిమిది బొబ్బరి గింజలు పెట్టారు. కొన్ని ప్రాంతాల్లో వీటినే అలసందలంటారు. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆ తర్వాత ఆకులూ వేశాయి. గారెలకు నానబోసే గింజ, పైకీ కిందకీ తేడా తెలియని చోట వేరు ఎటు వేయాలో చిగురు ఎటు చూపాలో తేల్చుకుంది. దీర్ఘకాల యాత్రల్లో ఆహారం పండించే దిశగా ఇస్రోకు ఇది తొలి మెట్టు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్లినప్పుడు చేతిలో ఉన్నవి కూడా మొక్కలున్న గొట్టాలే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం కోసం భారరహిత స్థితిలో మొక్కల స్పందనను నమోదు చేసే ప్రయోగమది.

పైన ఉన్నవాటి చిట్టా ఎవరి దగ్గరుంది?

భూమి చుట్టూ తిరిగే వస్తువులను అమెరికా సైన్యం రాడార్లతో గమనిస్తూ బహిరంగ జాబితా ఉంచుతుంది. సూర్యుడి చుట్టూ తిరిగేవాటికి అలాంటి ఏర్పాటు లేదు. పంపిన సంస్థ కక్ష్య వివరాలు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అందుకే కారు గ్రహశకలంగా నమోదైంది. 2007లో ఐరోపా వారి రొసెట్టా నౌకకు కూడా ఇదే జరిగింది. భూమి వైపు వస్తున్న రాయి అనుకుని దానికి 2007 వీఎన్84 అని పేరు పెట్టేశారు. నిజంగా ప్రమాదకరమైన గ్రహశకలాలను వెతికే టెలిస్కోపుల సమయం ఇలాంటి తప్పులకు ఖర్చవుతుంది. ఈ కక్ష్యల వివరాలు బహిరంగపరచాలని అమెరికా ఖగోళ సంఘం 2024లో కోరింది.

రోడ్‌స్టర్ విషయానికొస్తే, రాబోయే పది లక్షల ఏళ్లలో అది భూమిని ఢీకొనే అవకాశం 6 శాతం, శుక్రుణ్ని ఢీకొనే అవకాశం 2.5 శాతం అని 2018లో ఒక పరిశోధక బృందం లెక్కగట్టింది. భూమి వైపే వస్తే వాతావరణంలో చాలావరకు కాలిపోతుంది. అప్పటి పరిశీలకులకు ఆ చుక్క ఏమిటో తెలియాలంటే, దాని కక్ష్య ఏదో ఒక చిట్టాలో రాసి ఉండాలి.